కాలి అంటే నిన్న, కాలి అంటే రేపు

మా ఇంట్లో ఫోను చేత పట్టుకున్న మనిషి ‘కాలి’ అనే మాట నోటినుంచి రానివ్వకూడదు. ఇది నేను పెట్టిన కట్టుబాటు. అన్నం మాడిందని చెప్పొచ్చు, చెయ్యి చుర్రుమందని చెప్పొచ్చు, ఇస్త్రీపెట్టె తగలబడిందని చెప్పొచ్చు. కాలిందని మాత్రం చెప్పకూడదు.

బరంపురం తెలుగువాళ్ళకి సంగతి సగంలోనే అర్థమైపోతుంది. మిగతావాళ్ళ కోసం చెప్పాలి. ఒడియాలో ‘కాలి’ అంటే రేపు. నిన్న అన్నా ‘కాలి’యే. జరిగిపోయిందా, జరగబోతోందా అన్నది పక్కనున్న మాటల్ని బట్టి తెలుసుకోవాలి. తరాలుగా ఇంట్లో తెలుగూ వీధిలో ఒడియా మాట్లాడుకుంటున్న మాకు ఈ మాటతో ఏనాడూ పేచీ రాలేదు. బడా కంపెనీ వచ్చాకే వచ్చింది.

ఆ కంపెనీ పేరు నేను రాయను. భయపడి కాదు. దేశంలో ఏ గోడ మీద చూసినా ఉన్న పేరుని నా సిరాతో కూడా రాయడం దేనికి? మా వీధివాళ్ళు దాన్ని బడా కంపెనీ అంటారు. మా ఇల్లు బడా బజారు వెనక సందులో. ఇక్కడ పెద్దదేదైనా బడాయే.

అంతకుముందు మా సందుకి నెట్టు ఇచ్చేవాడు ఒక కేబులాయన. వర్షమొస్తే ఆయన నెట్టు తడిసిపోయేది. కోతి తీగ మీద ఊగితే మాకు రోజంతా సెలవు. అయినా తిట్టడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. నేను సందు మలుపులో నిలబడి కేకేస్తే నిచ్చెన భుజాన వేసుకుని వచ్చి, తల గోక్కుంటూ నా తిట్లన్నీ విని, తీగ అతికించి పోయేవాడు. అది ఒక మర్యాద. తర్వాత బడా కంపెనీ వచ్చి కొన్నాళ్ళపాటు నెట్టు ఉచితంగా పోసింది. సందులో ఒక్కొక్కరే కేబులాయన తీగ కోసుకున్నారు. ఆఖరివరకూ నిలబడింది నేనొక్కణ్ణే. చివరికి ఆయనే వచ్చి, “మీ ఒక్క ఇంటికోసం తీగ లాగలేను బాబూ, మీరూ అటే ఎల్లిపోండి” అన్నాడు. పైగా తనూ అటే వెళ్ళిపోయాడు. ఇప్పుడు కంపెనీ పేరున్న చొక్కా వేసుకుని తిరుగుతున్నాడు. ఈ సంగతి నేను మర్చిపోలేదు.

కంపెనీ తీగ భూమిలోంచి వచ్చింది. దానికోసం సందు తవ్వుతూ మా వాకిట్లో మెట్టు పగలగొట్టారు. మా నాన్నగారు నల్లరాయి తెప్పించి వేయించిన మెట్టది. తవ్వించే సూపర్‌వైజరుని నిలదీస్తే టోపీ సర్దుకుంటూ “కాలి” అన్నాడు. రేపు సిమెంటు పెట్టి బాగుచేస్తామని దాని భావం అనుకున్నాను. మర్నాడు సెలవు పెట్టి వాకిట్లో కూర్చున్నాను. ఎవరూ రాలేదు. వారం తర్వాత అతను బడా బజారులో చెరుకురసం తాగుతుండగా పట్టుకుని అడిగితే, “నేను కాలి అన్నాను కదా” అన్నాడు, ఏదో పని పూర్తి చేసిన మనిషిలా. అప్పుడు తట్టింది నాకు. ఆ కంపెనీ మొత్తం ఆ ఒక్క మాటలో కాపురముంటోంది. అడిగితే రేపు, మళ్ళీ అడిగితే నిన్న.

మెట్టు ఇప్పటికీ విరిగే ఉంది. వానొస్తే ఆ గుంటలో నీళ్ళు నిలుస్తాయి. ఎవరైనా చుట్టాలొస్తే ముందు ఆ గుంట చూపించాకే మంచినీళ్ళిస్తాను.

కంపెనీ సంగతి ఇలా ఉంటే జనం సంగతి మరొకటి. ఇంట్లో నెట్టు రాక తెర మీద గుండ్రంగా తిరుగుతున్న బొమ్మని చూస్తూ అందరూ కంపెనీని తిడతారు. వీధిలో నేను తిడితే మాత్రం ఎవరికీ నచ్చదు. ఉప్మా బండి దగ్గర నిలబడి “నెట్టు లేదు” అన్నానా, తింటున్నవాళ్ళందరూ నాకేదో అంటురోగం ఉన్నట్టు చూస్తారు. “మాకు బాగానే ఉన్నాదే” అంటాడొకడు. వాడింట్లో పొద్దున్నించీ లేదని వాడి పెళ్ళాం మా ఆవిడతో అప్పటికే చెప్పి ఉంటుంది. “దేశమంతా ఆడతన్నాది, నీకొక్కడికే ఏటి రోగం?” అంటాడు ఇంకొకడు. ఎండనీ వాననీ తప్పుబట్టనట్టే ఆ కంపెనీనీ తప్పుబట్టకూడదని మా ఊళ్ళో ఒక తీర్మానం అయిపోయింది. నాకు ఆ సభకి పిలుపు రాలేదు.

వీళ్ళందరికీ పెద్ద, చీరల కొట్టు బావ. వరసకి బావ. బడా బజారులో పట్టుచీరల దుకాణం. ఎప్పుడో ఆ కంపెనీ షేర్లు గుప్పెడు కొన్నాడు. అప్పట్నించీ అది ‘మా కంపెనీ’ అయింది.

“ఏటి బావా, మా కంపెనీ మీద ఇంకా కారాలూ మిరియాలూ నూరుతన్నావట?” అంటాడు కనపడ్డప్పుడల్లా.

“మీ కంపెనీ మా మెట్టు విరగ్గొట్టింది బావా. యజమానివి కదా, వచ్చి సిమెంటు పెట్టు” అంటే, పదిమందిలో నవ్వేసి, “నీకు కంపెనీతో పడకపోవడం కాదు, నీకు నీతోనే పడదు” అన్నాడు ఒకసారి. ఆ మాట అన్నప్పుడు అక్కడ ఎవరెవరు నవ్వారో నాకు జ్ఞాపకమే.

ఇక అసలు కథ. నేను ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. మా ఆవిడ ఇంట్లోనే కూర్చుని పనిచేస్తుంది. ఎక్కడెక్కడి డాక్టర్లో రోగుల గురించి మాటల్లో చెప్పి పంపితే, చెవులకి తగిలించుకుని విని ఇంగ్లీషులో టైపు చేసి పంపాలి. చదువుకున్న చదువు పెళ్ళయిన ఇన్నేళ్ళకి పనికొచ్చిందని ఆవిడకి ఆ ఉద్యోగమంటే ప్రాణం. అందులో పేరు కూడా తెచ్చుకుంది. వాళ్ళ షరతొక్కటే. ఇంటికి తీగ నెట్టు ఉండాలి. ఫోనులోంచి తీసుకునే నెట్టు వాళ్ళ రూలు ఒప్పుకోదు.

ఇంట్లో మూడో మనిషి మా పిన్ని. మా అమ్మ చెల్లెలు. ఇక్కడికి దగ్గర్లో సముద్రపొడ్డున ఉన్న రామయ్యపట్నం పిల్ల. బాబాయి పోయాక మా దగ్గరికొచ్చేసింది. వయసులో ఉండగా ఎండుచేపల గంప బస్సు మీదికెక్కించి లోపలి ఒడియా ఊరు పొలసర దాకా సంతలు తిరిగిన మనిషి. ఆవిడ ఒడియా సంతలో నేర్చుకున్నది. ఒడియా మాట దొరక్కపోతే తెలుగు మాటే కాస్త గట్టిగా అంటుంది. సంతలో ఎప్పుడూ అర్థమయింది కాబట్టి ఎక్కడైనా అర్థమవుతుందని ఆవిడ నమ్మకం.

వైశాఖంలో ఒక సాయంత్రం గాలివాన పట్టుకుంది. మా పెరటివైపు పిడుగు పడ్డంత చప్పుడైంది. లైట్లు ఆరి, వెలిగేసరికి గోడకున్న నెట్టు పెట్టెలోంచి సన్నగా పొగ. ప్లాస్టిక్ మాడిన కంపు. పిన్ని చెంగు ముక్కుకడ్డం పెట్టుకుని వచ్చి చూసి, “కాలిపోనాదిరా!” అంది. ఆ మాట మా ఇంట్లో మొదటిసారి అప్పుడు పడింది.

కంపెనీకి ఫోను చేశాను. ఒడియాకి ఒకటి నొక్కమంది, హిందీకి ఇంకోటి, ఇంగ్లీషుకి మరోటి. తెలుగుకి ఏదీ లేదు. మేమిక్కడ లేమని కంపెనీ లెక్క. ఒడియా నొక్కాను. నెట్టు నెమ్మదిగా వస్తోందా, అసలు రావడం లేదా అని అడిగింది. పెట్టె కాలిపోయిందా అని అడగలేదు. దానికి నంబరు లేదు. రావడం లేదన్నదే నొక్కాను. ఫిర్యాదు నమోదయిందనీ, నేనెంతో విలువైన వినియోగదారుణ్ణనీ మెసేజి వచ్చింది.

మర్నాడు మా ఆవిడ ఇంట్లో లేదు. ఆవిడ పని ఆగకూడదు కదా. నేను స్నానంలో ఉండగా తిన్నగా చీరల కొట్టు బావ దగ్గరికి వెళ్ళి, పై అంతస్తులో చీరల గదిలో కూర్చుంటానని అడిగేసింది. నన్ను అడిగితే ఒప్పుకోనని తెలుసు. బావ అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడట. “మా కంపెనీ నెట్టే సెల్లీ, ఎంత కావాలంటే అంత వాడుకో” అన్నాడట, ఆ తీగలో పారేది తన బావిలోని నీళ్ళయినట్టు. సాయంత్రం ఆవిణ్ణి తీసుకురావడానికి నేను ఆ కొట్టు మెట్లెక్కాలి. ఆ మెట్లు ఒక్కటీ విరగలేదు.

“సూసినావా బావా? మీ ఇంట్లో రోగం, మా కంపెనీలో కాదు” అన్నాడు గల్లాపెట్టె వెనకనుంచి.

ఇంటికొచ్చేసరికి ఫోనులో మెసేజి: మీ సమస్య పరిష్కరించబడినది, మా సేవలు వినియోగించుకున్నందుకు ధన్యవాదాలు. గోడ మీద పెట్టె నల్లగా, నోరు తెరుచుకుని ఉంది. మళ్ళీ ఫిర్యాదు పెట్టాను. ఆ మర్నాడు ఇంకో మెసేజి: మీరు కోరినట్టుగా మా సిబ్బంది రేపు వస్తారు. నేనెక్కడ కోరాను? ఆ మర్నాడూ అదే మెసేజి. మీరు కోరినట్టుగా, రేపు. ఇలా నేను కోరకుండానే రోజూ కోరుతూ వచ్చాను.

చీరల గదిలో మా ఆవిడ పని సాగడం కష్టమైంది. కింద బేరాలు. పైకి ఎక్కి దిగే పనివాళ్ళు. పెళ్ళివాళ్ళొస్తే ఇరవైమంది ఒకేసారి మాట్లాడతారు. చెవిలో డాక్టరు గుండె గోడ మందం గురించి చెబుతుంటే, పక్కనే ఎవరో “జరీ అంచు రెండు పక్కలా ఉండాల” అని అరుస్తున్నారు. అలాంటి ఒక మధ్యాహ్నం ఎవరో రోగి గుండె రిపోర్టులో రెండు పక్కలా అంచు ఉన్నట్టు పడిపోయింది. ఆ అంచు అక్కడ డాక్టరు చూడక ముందే ఆవిడ పై అధికారి చూశాడు. శనివారం సాయంత్రం ఫోనులో ఒకే మాట చెప్పాడు. సోమవారం పొద్దున్నించి ఇంట్లో, నిశ్శబ్దంగా ఉన్న గదిలోంచి, తీగ నెట్టుతో లాగిన్ అవ్వాలి. కాకపోతే ఆ సీటు వేరే వాళ్ళకిస్తారు.

ఆ రాత్రి భోజనమయ్యాక ఆవిడ పళ్ళెం తీస్తూ, “ఇన్నాళ్ళూ ఒక్క తప్పు రానీలేదండీ” అంది. నేను కంపెనీని తిట్టడం మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. “తిట్టకండి. పెట్టె తెప్పించండి.”

ఆదివారం ముగ్గురం ఇంట్లో ఉన్నాం. నేను గుంట పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లోపల ఫోను మోగింది. కంపెనీ నెట్టు తీసుకున్నప్పుడు కాగితంలో ఇంటి నంబరనే గడిలో, పగలు ఫోను ఎత్తే తీరిక ఉన్నవాళ్ళ నంబరు రాశాను కాబట్టి, అది పిన్ని ఫోను. ఎంతో అలవాటున్నట్టు స్పీకరు పెట్టి ఎత్తింది.

“ఆజ్ఞా, నమస్కార” అంది అవతల ఒక అమ్మాయి. ఒడియాలో ‘ఆజ్ఞా’ మర్యాదమాట. తెలుగులో ఆజ్ఞ అంటే ఏమిటో మీకు తెలుసు. కంపెనీవాళ్ళు మాటకొకసారి ఆజ్ఞా ఆజ్ఞా అంటుంటే నేనేదో ఆజ్ఞాపించాననీ అది జరిగిపోతుందనీ నాలోని తెలుగువాడు మోసపోతుంటాడు. “ఆపణంకర నెట్ ఠిక్ హెలా కి?” మీ నెట్టు బాగయిందా అని అడిగింది.

“ఠిక్కేటి తల్లీ? కాలి!” అంది పిన్ని.

“కాలి?”

“హఁ హఁ, కాలి! పూరా కాలి!”

“హఉ ఆజ్ఞా, కాలి” అని ఆ అమ్మాయి సంతోషంగా ఒప్పుకుని ఫోను పెట్టేసింది.

నేను కుర్చీలోంచి లేచేసరికి మా ఆవిడ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయి ఉంది.

“చిన్నత్తా,” అంది నెమ్మదిగా, “రోజూ ఇలాగే చెప్తున్నారా?”

“అవునే. మొదటి రోజు ఒకడు అడిగినాడు, కాలి అన్నాను. కాలి ఖరాపా, ఆజి బాగుందా అన్నాడు. మంచోడు, బాగా అడిగినాడు. తరవాత్నుంచి ఈ అమ్మడు. బాగయిందా, లేకపోతే మిస్త్రీని ఎప్పుడు పంపమంటావని అడుగుతాది. పెట్టె కాలి అంటాను. అలాగే అంటాది. రోజూ మరిసిపోకుండా చేస్తాది పాపం.”

మొదటివాడికి అది నిన్న. నిన్న పాడైంది, ఇవాళ బాగుంది, కాబట్టి పరిష్కరించబడినది. తర్వాతి అమ్మాయికి అది రేపు. వినియోగదారు రేపు రమ్మంటున్నారు. రోజూ రేపే రమ్మంటున్నారు. నిన్నకీ రేపుకీ మధ్య మా పెట్టె గోడ మీద నల్లగా వేలాడుతోంది.

“పిన్నీ, కాలి కాదు! పోడిగలా అనాలి, పోడిగలా!” అని అరిచాను. కాలిపోవడానికి ఒడియా మాట అది.

“నాకు సెప్పకు. సంతలో కాలి అంటే అందరికీ తెలిసీది.”

“సంతలో నువ్వు చేపని చూపిస్తూ అన్నావు!”

నేనే కంపెనీకి ఫోను చేశాను. చాలాసేపు పాట వినిపించాక ఇంకో అమ్మాయి ఎత్తింది. ఆదివారం కదా, నాకు తీరిక ఉంది. మొదట్నుంచీ చెప్పుకొచ్చాను. ఉచితంగా పోసి మా కేబులాయనని ఎలా మింగారో చెప్పాను. నల్లరాయి మెట్టు సంగతి, టోపీ సూపర్‌వైజరు సంగతి, చెరుకురసం సంగతి చెప్పాను. పెట్టె దగ్గరికి వస్తున్నాను. ఏదైనా ఒక వరసలో చెప్పాలి. మెట్టు ముందు విరిగింది, పెట్టె తర్వాత కాలింది. కానీ ఆ అమ్మాయి వరస వినేలా లేదు. “ఆజ్ఞా, మీరు కోరినట్టే రేపటికి రాసి ఉంది. తెరిచి ఉన్న ఫిర్యాదు మీద ఇంకోటి రాయడం కుదరదు” అంది.

“నేను కోరలేదు!”

“కోరినట్టే ఉంది ఆజ్ఞా.”

మా ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఫోను నా చేతిలోంచి తీసి, స్పీకరు వేసి పిన్ని చేతిలో పెట్టింది. ఎందుకలా చేసిందని తర్వాత అడిగాను. “మీరు ఇంకా మెట్టు దగ్గరే ఉన్నారు” అంది.

పిన్ని ఫోనుని చెవికి కాదు, నోటి ముందు పట్టుకుంది. “ఓ బొవ్వా, నీ ఘర కౌఠి?” ఓ అమ్మా, మీ ఇల్లెక్కడ అని అడిగింది.

ఆ ప్రశ్నకి కూడా వాళ్ళకి నంబరు లేనట్టుంది. ఆ అమ్మాయి మెల్లగా, “పొలసర” అంది.

“పొలసరా! మీ సంతకి నేను ఎండుసేపలు తెచ్చీదాన్నే! మీ అమ్మ నా దగ్గర కొనీ ఉంటాది!” ఇది తెలుగులోనూ ఒడియాలోనూ కలిపి చెప్పింది. పొలసరలో అది కొత్తేమీ కాదు. ఆ అమ్మాయి నవ్వడం స్పీకరులో మాక్కూడా వినపడింది. “ఒక మాట సెప్పు తల్లీ. నీ సెయ్యి పొయ్యిలో పెడితే ఏటవుతాది?”

“పోడిజిబ” అంది ఆ అమ్మాయి. కాలిపోతుందని.

“అదే! మా పెట్టెకీ అదే అయింది!”

“పెట్టె పోడిగలా?” గొంతు మారిపోయింది. “మరి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం ఆజ్ఞా? ఇక్కడ నెట్టు రావడం లేదని ఒక్కటే ఉంది. కొత్త పెట్టె కావాలి కదా!”

“రాసుకో మరి.”

“రాస్తున్నా మాఉసీ.”

పిన్ని మా ఆవిడవైపు తిరిగి గర్వంగా చూసింది. మాఉసీ అంటే పిన్నే. నన్ను అంతసేపూ ఆజ్ఞా అన్న కంపెనీ, ఆవిణ్ణి పిన్నీ అంది. మా ఆవిడ ఫోను దగ్గరికి వంగి, పెట్టె రాకపోతే రేపు పొద్దున్న తన ఉద్యోగం పోతుందని సూటిగా, ఒకే వాక్యంలో చెప్పింది. పొద్దున్నే మొదట బయల్దేరే మనిషినే మా ఇంటికి పంపిస్తానని ఆ అమ్మాయి మాటిచ్చింది.

సోమవారం నేను ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని చెప్పి వాకిట్లో కూర్చున్నాను. మా ఆవిడ చెవులకి తగిలించుకునేది చేత్తో పట్టుకుని గదిలో అటూ ఇటూ నడుస్తోంది. గడియారం వైపు చూడనట్టు నటిస్తోంది. సందు మలుపులో మోటారుసైకిలు ఆగింది. కంపెనీ చొక్కా. భుజాన సంచీ. మా పాత కేబులాయన.

నన్ను చూడగానే పాత అలవాటుగా తల గోక్కున్నాడు.

“నువ్వా?” అన్నాను.

“నేనే బాబూ. తిట్లు తరవాత తింటాను, ముందు పెట్టె ఎక్కడో సూపించండి” అన్నాడు. విరిగిన మెట్టుని చూసుకోకుండా కాలు వేసి, గుంటలో నీళ్ళు చిమ్మించుకుంటూ లోపలికి వెళ్ళాడు. కంపెనీ చొక్కా మీద ఆ నీళ్ళు పడినందుకు నాకు కొంచెం బాగానే అనిపించింది.

పాత పెట్టె ఊడదీశాడు. కొత్తది బిగించాడు. దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. మా ఆవిడ కుర్చీలోకి జారి, తలుపు వేసుకుంది. లోపల్నుంచి టకటకమని టైపు చప్పుడు మొదలయ్యేదాకా మేము ముగ్గురం తలుపు దగ్గరే నిలబడ్డాం. మొదలైంది. పిన్ని కళ్ళు తుడుచుకుని కేబులాయనకి టీ పెట్టడానికి వెళ్ళింది.

ఆయన తన ఫోను నా ముందు పెట్టాడు. “బాబూ, అయిదు చుక్కలూ నొక్కండి. తక్కువైతే నా మీద రాస్తారు.”

“మీ కంపెనీకి నేను అయిదు చుక్కలా?”

“కంపెనీకి కాదు. నాకు.”

నేను వేలు ఎత్తి పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. ఈ మనిషి నా ఒక్క ఇంటికోసం తీగ లాగలేనన్నవాడు. కానీ నా తిట్లు విన్నవాడు కూడా. ఇంతలో పిన్ని టీ గ్లాసుతో వచ్చి, ఏమిటో అడక్కుండానే, మెరుస్తున్న చోటల్లా వేలు పెట్టి నొక్కేసింది. మా ఇంటినుంచి బడా కంపెనీకి అయిదు చుక్కలు వెళ్ళిపోయాయి. ఆ సాయంత్రమే చీరల కొట్టు బావకి ఎలా తెలిసిందో తెలియదు, “మొత్తానికి ఒప్పుకున్నావన్నమాట బావా” అన్నాడు. దానికి ఇవ్వాల్సిన జవాబు దాచిపెట్టుకున్నాను, మెట్టుకి సిమెంటు పడిన రోజున ఇస్తాను.

కేబులాయన టీ తాగి సంచీ సర్దుకుంటుంటే వాకిలి దాకా వెంటవెళ్ళాను. మెట్టు చూపించాను. ఇప్పుడు నువ్వు కంపెనీ మనిషివి కదా, నీ వాళ్ళు విరగ్గొట్టింది చూడు, ఎప్పుడు బాగుచేయిస్తావో చెప్పు అన్నాను. ఆయన గుంటలోకి చూశాడు. తడిసిన తన బూటు చూసుకున్నాడు. అటూ ఇటూ చూసి, పక్క సందులో ఒడియావాళ్ళతో రోజంతా మాట్లాడే అలవాటులో, “కాలి, ఆజ్ఞా” అన్నాడు.

లోపల్నుంచి పిన్ని గాబరాగా అరిచింది.

“మళ్ళీ ఏటి కాలిపోనాదిరా?”

తలుపు వెనక టైపు చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.